గాలానికి చిక్కేది తెలివితక్కువ చేపేనా?

పోయిన నెల ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది, "మీ అప్రైజల్ లెటర్ సిద్ధం, ఇక్కడ చూసుకోండి" అని. అసలే హైకుల సీజను. వెనకాముందూ చూడకుండా నొక్కేశా. తీరా చూస్తే అది సెక్యూరిటీ టీమ్ పెట్టిన పరీక్షట, నేను ఫెయిలట! రోజంతా కోడ్ రాసి బతికేవాణ్ణి, టీమ్‌లో తలెత్తుకోలేకపోయా :) ఆ ఉక్రోషంలోనే ఈ ఫిషింగ్ చరిత్ర తవ్వా.

కథ 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్‌లో మొదలైంది. "బిల్లింగ్ వాళ్ళం, మీ పాస్‌వర్డ్ ఒకసారి చెప్పండి" అని మెసేజ్ పెడితే జనం నిజంగానే చెప్పేసేవాళ్ళు. చేపలు పట్టడం అనే మాటలో ఎఫ్ తీసి పీహెచ్ పెట్టి ఫిషింగ్ అని పేరు పెట్టుకున్నది కూడా ఆ దొంగలే. చివరికి మా సిబ్బందెవరూ పాస్‌వర్డ్ అడగరని ఆ కంపెనీ మెసేజ్ విండోలోనే రాయాల్సొచ్చింది.

పాపం, అప్పుడు జనానికి ఇంటర్నెట్ కొత్త అనుకుందాం. మరి ఆర్ఎస్ఏ సంగతి? మనలో చాలామంది వీపీఎన్ కోసం మోసిన, నిమిషానికోసారి అంకెలు మారే టోకెన్ వాళ్ళదే. 2011లో అక్కడి కొద్దిమంది ఉద్యోగులకి "2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్" అని ఎక్సెల్ ఫైలుతో మెయిల్ వచ్చింది. ఫిల్టర్ దాన్ని జంక్‌లో పడేసింది కూడా. ఒకాయన జంక్‌లోంచి తీసి మరీ తెరిచాడు. అందులో దాగిన ఫ్లాష్ లోపం దొంగలకి తలుపు తీసింది. ఆ దెబ్బతో ఆర్ఎస్ఏ టోకెన్లు మార్చి ఇవ్వాల్సొచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది 2016 మార్చి 19 నాటి సంఘటన. హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకి గూగుల్ పేరుతో, "మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసింది, వెంటనే మార్చండి" అని మెయిల్ వచ్చింది. ఆయన సిబ్బంది గుడ్డిగా నొక్కలేదండోయ్, అనుమానపడి ఐటీ హెల్ప్‌డెస్క్‌నే అడిగారు. అక్కడి ఉద్యోగి ఇది అసలైన మెయిలే అని జవాబిచ్చాడు. నకిలీ అని రాయబోయి పొరబడ్డానని తర్వాత చెప్పుకున్నాడు. విచిత్రమేంటంటే, అదే జవాబులో గూగుల్ అసలు లింకు కూడా ఇచ్చాడు. దాన్ని నొక్కి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ నొక్కింది దొంగ మెయిల్లోని బటన్‌ని. 50,000కి పైగా మెయిళ్ళు పోయాయి. అది రష్యా సైనిక గూఢచారుల పని అని 2018లో అమెరికా అభియోగం మోపింది.

అంటే అనుమానపడ్డా సరిపోలేదు, నిపుణుణ్ణి అడిగినా సరిపోలేదు. అక్షరదోషాలు వెతికి దొంగ మెయిల్ పట్టేస్తామనే ధీమా ఇక వదిలేద్దాం, ఇప్పుడు ఏఐతో ఎవరైనా చక్కటి భాషలో రాయగలరు. కాబట్టి మెయిల్ మంచిదా చెడ్డదా అని తేల్చే పనే పెట్టుకోకండి. బ్యాంకు పేరుతో వచ్చిందా? మూసేసి, అడ్రసు మీరే టైపు చేసి వెళ్ళండి. పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తాను నింపలేదంటే ఆగండి, మీరున్నది వేరే సైటేమో. వీలైతే సెక్యూరిటీ కీ కొనుక్కోండి, అది సైటు అడ్రసు సరిపోతేనే పనిచేస్తుంది. 2017లో 85,000 మందికి పైగా ఉద్యోగులకి అవి తప్పనిసరి చేశాక ఒక్క అకౌంటూ ఫిషింగ్‌కి పోలేదని గూగుల్ 2018లో చెప్పింది. వాళ్ళేమీ మనకన్నా తెలివైనవాళ్ళని కాదు, కళ్ళని నమ్ముకోవడం మానేశారంతే.

నా అసలు అప్రైజల్ లెటర్ నిన్న వచ్చింది. లింకు నొక్కకుండా పోర్టల్‌కి వెళ్ళి చూసుకున్నా. హైకు చూశాక ఆ దొంగ లెటరే నయమనిపించింది :)