మానసచికిత్సయందు గురుపర్యవేక్షణము

శరీరమునకు శస్త్రచికిత్స చేయు వైద్యుని చేతిపని పదిమంది కంటబడును. కోత వంకరయైనచో సహాయకుడు చూచును. గాయము మానకున్నచో ఇంటివారికిని తెలియును. మాటతో మనస్సునకు చికిత్స చేయువాని పని అట్టిది కాదు. మూసిన తలుపుల చాటున ఇరువురి నడుమ జరుగు సంభాషణయే అతని శస్త్రము. అది తగినచోట తగిలెనా, తగనిచోట తగిలెనా యని చూచువారెవరు? లోకము ఈ ప్రశ్నకు సమాధానమును ఎట్లు వెదకినదో, అందు మన ఉత్తరాంధ్రము ఎచ్చట నిలిచియున్నదో విచారింప దలచితిమి.

మన సీమలో ఈ కథ గోడలతో మొదలయ్యెను. విజయనగరము పూర్వము విశాఖపట్టణ మండలములోనిది. శ్రీకాకుళము 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాము మండలములోనిది. మతి చలించిన బంధువును ఇంట నుంచుకొనలేని వారికి పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున విశాఖపట్టణములో వెలసిన ఉన్మాదశాల దిక్కయ్యెను. 1912 నాటి ఉన్మాద చట్టము ఇట్టి శాలలకు సందర్శకులను నియమించి, వారిలో ఇద్దరైనను, అందొకరు వైద్యాధికారిగా, నెలకొకసారి శాలయంతయు పరీక్షింపవలెనని విధించెను. ఉద్దేశము మంచిదే. కాని ఆ చట్టము చూపించినది భవనమును, అందు నిర్బంధింపబడినవారిని. వైద్యుడు రోగితో ఏమి పలికెను, ఆ పలుకు మేలు చేసెనా కీడు చేసెనా యని అడుగు ఏర్పాటు అందు లేదు. ఆ ప్రశ్న పుట్టుటకు, మాటయే మందనెడి వైద్యము ముందు వేళ్లూనవలసి యుండెను.

1920లో బెర్లిను నగరమున మాక్సు ఐటింగను మున్నగువారు మనోవిశ్లేషణ చికిత్సాలయమును స్థాపించిరి. అచ్చట విద్యార్థికి మూడు విధులు. తన మనస్సును తాను విశ్లేషింపజేసికొనుట మొదటిది. శాస్త్రపాఠములు వినుట రెండవది. అనుభవజ్ఞుని పర్యవేక్షణలో రోగులకు చికిత్స చేయుట మూడవది. ఈ మూడవదే నేడు దేశదేశములందు వ్యాపించిన గురుపర్యవేక్షణమునకు మూలము. మన దేశమున 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు భారత మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పెను. చెంతనుండి నడిపించు గురువు ఆయనకు లేడు. గ్రంథములు చదివి, రోగులను చూచి, వియన్నాలోని ఫ్రాయిడుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి తన భావములను పరీక్షించుకొనెను. సముద్రములకావల నున్నవాని యభిప్రాయమునైనను కోరిన ఆ బుద్ధి మనము గమనింపదగినది.

ఈ పర్యవేక్షణమున జరుగునదేమి? భర్తను గోల్పోయిన యువతి యొకతె చికిత్సకుని కడకు వచ్చుచున్నదనుకొందము. ఆమె కంట నీరు పెట్టినపుడెల్ల అతడు ధైర్యవచనములు చెప్పును. కొన్నాళ్లకు ఆమె యేడ్చుట మానెను; కుదుటపడినదని అతడు సంతసించెను. ఈ వృత్తాంతము విన్న గురువు, "నాయనా, ఆమె యేడ్చినపుడు నీకేమి తోచెను?" అని అడుగును. అప్పుడతనికి చిన్ననాట తన తల్లి వైధవ్యము జ్ఞప్తికి వచ్చును. ఆమె దుఃఖమును కాదు, తన దుఃఖమును ఆపుటకే తాను తొందరపడితినని తెలిసికొనును. ఆమె కుదుటపడలేదు, చెప్పుకొనుట మానినది. ఈ భేదమును ఏ గ్రంథమును అతనికి చూపజాలదు. ఒంటరిగా నున్నచో అతడు తెలిసికొనుట దుర్లభము.

1946లో భోరు సంఘము తన నివేదికలో మానసిక వైద్యమునకు శిక్షణ పొందినవారి కొరతను ఎత్తిచూపెను. దాని ఫలముగా 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ వెలసెను. చికిత్సామనస్తత్వ శాస్త్రమున వృత్తి పట్టమునకు చదువువారు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడవలెను. కాని పట్టము చేతికి వచ్చిన పిదప ఈ యాచారము చాలచోట్ల వ్యక్తి యిచ్ఛకే విడువబడినది. నగరములోని చికిత్సకునికి సంప్రదించుటకు సహవైద్యులైనను కలరు. ఇచ్ఛాపురమునందో, పలాసయందో, బొబ్బిలియందో ఒంటరిగా దినమెల్ల పరుల దుఃఖమును వినువానికి ఆ వినికిడి బరువును దించుకొను తావేది?

పర్యవేక్షణ యనగానే తప్పుపట్టుటయని జంకువారు కలరు. వారికి మన సీమ చరిత్రయే సమాధానము. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున జె. ఏ. యేట్సు అను పాఠశాలల పరీక్షాధికారి, జనులు మాటాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్న శ్రీకాకుళసీమ బిడ్డయైన గిడుగు రామమూర్తి పంతులును, విజయనగరమున నున్న గురజాడ అప్పారావును కదలించి వ్యావహారిక భాషోద్యమమునకు దారి తీసెను. దండించుటకు వచ్చిన పరీక్ష భయమును మిగుల్చును. తెలిసికొనుటకు వేసిన ప్రశ్న విద్యనే మార్చును.

రోగి రహస్యము మూడవవాని చెవిని బడునే యను శంక ఇంతకంటె బరువైనది. 2017 నాటి మానసికారోగ్య రక్షణ చట్టము రోగి రహస్యమును హక్కుగా నొసగినది. కావున పేరును, ఊరును, గుర్తులను మరుగుపరచి, పర్యవేక్షణ కలదని రోగికి ముందే తెలిపి, గురువును రహస్యమునకు బద్ధుని చేయవలెను. ఇట్లు చేసినచో రహస్యమునకు భంగము లేదు. ఎవ్వరును చూడని తప్పిదమువలన రోగికి కలుగు హాని దీనికంటె ఘోరము.

శ్రీకాకుళమున 2008లోను, విజయనగరమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. వానియందు నెలకొక దినము ఆయా మండలములలోని చికిత్సకులు, సలహాదారులు అనుభవజ్ఞుల యెదుట తమ పనిని విప్పి చెప్పుకొను గోష్ఠి నేర్పరుచుట దుష్కరము కాదు. రాలేనివారికి దూరశ్రవణయంత్రము కలదు. నాటి చట్టము నెలకొకసారి గోడలను చూడుమనెను. నేడు అంత తరచుగా మాటను చూచుకొందుము. మన బిడ్డనో, తోబుట్టువునో ఎవరి మాటకు అప్పగింతుమో, ఆ మాటను విని సరిదిద్దువాడొకడున్నాడా యని అడుగుట మన హక్కు మాత్రమే కాదు, మన విధి.