డిస్చార్జి సమ్మరీలో 'డిస్' మాటలు: ఏది మింగడం, ఏది మాట్లాడటం?

పక్షవాతం వచ్చిన నానా వార్డులో పడుకుని ఉంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకరు చిన్న సీసాలో జమ్‌జమ్ తెస్తారు, ఇంకొకరు స్పూను వెతుకుతారు. కేస్ షీటులో మాత్రం 'డిస్‌ఫేజియా' అని రాసి ఉంటుంది. అంటే మింగడంలో ఇబ్బంది. ఆ మాట తెలిసినవాళ్లు ఇంట్లో ఒక్కరున్నా స్పూను పక్కన పెట్టి ముందు నర్సును అడుగుతారు.

వైద్యంలో 'డిస్'తో మొదలయ్యే మాటలు చాలా ఉన్నాయి. గ్రీకులో 'డిస్' అంటే చెడు, కష్టం, సరిగా జరగకపోవడం. దుర్గంధం, దుస్థితి లాంటి మాటల్లోని 'దుర్', 'దుస్' దీనికి చుట్టాలే, రెండింటిదీ ఒకే మూలం. అరబ్బీతో ఆ చుట్టరికం లేదు, అనువాదంతో వచ్చిన సంబంధం ఉంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్, ఆయన శిష్యులు గాలెన్ గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు. ఆ వైద్య భాషలో చెడు అనడానికి 'సూ', కష్టం అనడానికి 'ఉస్ర్' వాడారు. అందుకే యునానీలో అజీర్తిని సూ-ఎ-హజ్మ్ అంటారు. అల్లోపతిలో డిస్‌పెప్సియా అనేది దాన్నే. మూత్రం కష్టంగా రావడం ఉస్రుల్ బౌల్. ఖుర్ఆన్ పారాయణంలో ఉస్ర్, యుస్ర్ అని వింటామే, ఆ ఉస్రే ఇది. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆస్పత్రికి వెళ్లే పెద్దవాళ్లకు ఇవి కొత్త మాటలేం కావు.

ఒక జాగ్రత్త. తెలుగులో రాస్తే డిస్చార్జి, డిస్క్, డిస్‌లొకేషన్ కూడా ఇలాగే కనిపిస్తాయి. వాటికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లిషు స్పెల్లింగులో రెండో అక్షరం 'వై' ఉంటేనే ఈ 'డిస్'.

ఎక్కువ గందరగోళం డిస్‌ఫేజియా, డిస్‌ఫేసియా దగ్గరే. ఇంగ్లిషులోనూ తేడా ఒక్క అక్షరమే, మొదటిదాంట్లో 'జి', రెండోదాంట్లో 'ఎస్'. డిస్‌ఫేసియా అంటే మెదడు దెబ్బతిని మాటలు దొరక్కపోవడం, ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోవడం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు దీన్ని అఫేసియా అనే రాస్తున్నారు. మాటలు తెలిసి, నాలుకా పెదవులూ సహకరించక ముద్దముద్దగా వస్తే అది డిస్ఆర్థ్రియా. పక్షవాతంలో ఇవన్నీ ఒకే మనిషికి రావచ్చు, కాబట్టి నానా మాట్లాడుతున్నారు కదా, నీళ్లు తాగగలరు అనుకోవడానికి లేదు.

డిస్‌ఫేజియా ఉన్నప్పుడు నీళ్లు అన్నవాహికకు బదులు శ్వాసనాళంలోకి జారతాయి. అన్నం కంటే పల్చటి నీళ్లే త్వరగా జారిపోతాయన్నది చాలామందికి తెలియదు. ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు. తాగాక దగ్గు, గొంతులో గరగర, మళ్లీ మళ్లీ జ్వరం దీని గుర్తులు. కొందరికి దగ్గు కూడా రాదు. అందుకే డాక్టరో స్పీచ్ థెరపిస్టో మింగే శక్తిని పరీక్షించేదాకా నోటితో ఏమీ ఇవ్వకూడదు. జమ్‌జమ్ అయినా, కొబ్బరినీళ్లయినా అంతే. ముక్కులో గొట్టం వేసి ఉంటే అందులోంచి జమ్‌జమ్ ఇవ్వొచ్చా అని నర్సును అడగొచ్చు. అడిగితే తప్పేం లేదు.

పక్షవాతం లేకుండానే ముందు రొట్టె, తర్వాత మెత్తటి అన్నం, ఆ తర్వాత నీళ్లు కూడా దిగడం కష్టమవుతూ బరువు తగ్గుతుంటే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. అన్నవాహిక క్యాన్సర్ ఇలా మొదలు కావచ్చు. ఎండోస్కోపీ చేయించాలి.

మిగతావాటిలో డిస్‌ప్నియా అంటే ఆయాసం. గుండె, ఊపిరితిత్తులు, రక్తహీనత, దేనివల్లైనా రావచ్చు. డిస్‌యూరియా మూత్రంలో మంట. అసలు 'డిస్' మాటల్లో చాలావరకు లక్షణాన్నే చెబుతాయి, కారణాన్ని చెప్పవు. కాగితం మీద ఆ మాట ఉందంటే జబ్బు తేలిపోయినట్టు కాదు, 'ఎందువల్ల?' అని డాక్టరును అడగాల్సిందే.

డిస్‌మెనోరియా, నెలసరి నొప్పి. పెళ్లయితే తగ్గిపోతుందని అమ్మాయిలను ఊరుకోబెట్టడం మన ఇళ్లల్లో మామూలే. నొప్పి ఏటేటా పెరుగుతుంటే, కాలేజీ మానాల్సి వస్తుంటే ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు. లేడీ డాక్టరుకు చూపించాలి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష రిపోర్టులో డిస్‌ప్లేసియా అని చూసి చాలామంది క్యాన్సర్ అని భయపడతారు. అది క్యాన్సర్ కాదు, కణాల్లో మార్పు మొదలైందని అర్థం. అలాగని వదిలేస్తే కొన్ని మార్పులు క్యాన్సర్‌గా మారతాయి. డాక్టరు రమ్మన్న తేదీకి మళ్లీ వెళ్లాలి.

మస్క్యులర్ డిస్ట్రోఫీ అంటే కండరాలు క్రమంగా క్షీణించడం. ఇందులో డుషెన్ రకం దాదాపు మగపిల్లలకే వస్తుంది. దగ్గరి సంబంధం చేసుకున్నందుకే అని ఇంట్లో నింద మొదలవుతుంది. జన్యుపరంగా కొన్ని జబ్బులకు ఆ మాట నిజమే కానీ డుషెన్‌కు కాదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి రావచ్చు, బిడ్డలోనే కొత్తగానూ పుట్టొచ్చు. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

డిస్‌లెక్సియా 2007లో 'తారే జమీన్ పర్' సినిమాతో చాలా ఇళ్లకు తెలిసింది. తెలివి ఉండి కూడా అక్షరాలు చదవడం కష్టం కావడమే ఇది. చెవితో విన్న సూరాలు గుర్తుపెట్టుకునే పిల్లాడు కాయిదా దగ్గర ఆగిపోవచ్చు. బెత్తంతో అది పోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ ఉంది, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. స్కూలు పరీక్షలో అదనపు సమయం అడగాలంటే ముందు సర్టిఫికెట్ తీసుకోవాలి.