మూడో వంతులో మిగిలే శేషం

పావు, పావులో పావైన వీసం, వీసంలో మళ్లీ పావు... ఇలా అంతులేకుండా కూడుకుంటూ పోతే మొత్తం ఎంత? నేటి ఇంటర్ విద్యార్థి ఆ మొత్తానికి ఎక్స్ అని పేరు పెడతాడు. మొదటి పావు తీసేస్తే మిగిలేది మొత్తంలో పావే కనుక ఎక్స్‌లో ముప్పాతిక పావుకు సమానం. ఎక్స్ విలువ మూడో వంతు. ఇదే ఉపాయాన్ని 1, 2, 4, 8 వరస మీద పెట్టి చూడండి. మొత్తం అంటే 1 కి మొత్తానికి రెట్టింపు కలిపినది, కాబట్టి జవాబు −1! తెలుగు గణితకవి పావులూరి మల్లన పేరున ప్రసిద్ధమైన చదరంగం లెక్కలో 64 గళ్లకే ఈ వరస 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది; ఇంకా పెంచితే సున్నాకు దిగువకు జారుతుందంటే ఎవరు నమ్ముతారు? తీసివేతలో పొరపాటేమీ లేదు. మొత్తం అనేది ఒకటి ఉందని ముందే ఒప్పుకోవడంలోనే ఉంది చిక్కంతా.

కేరళలోని తృక్కండియూరుకు చెందిన నీలకంఠ సోమయాజి (జననం 1444) ఘనత ఈ చిక్కును దాటవేయకపోవడంలో ఉందని నా అభిప్రాయం. ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో ఆయన చాపం పొడవును జ్య (సైన్), శరాల (జ్య నుంచి చాపం దాకా ఉండే ఎత్తు) ద్వారా చెప్పే సూత్రాన్ని వివరించాడు. చాపాన్ని సగాలు చేసుకుంటూ పోతే శరవర్గంలో పావులు, వాటి పావులు పేరుకుంటాయి. అవన్నీ కలిసి మూడో వంతవుతాయని చెప్పి ఊరుకోలేదాయన. అంతకు మించి ఎందుకు పెరగదు, అంతవరకూ ఎలా చేరుతుంది అని రెండు వేర్వేరు ప్రశ్నలు వేశాడు. సమాధానానికి మూడో వంతునే ముందు పెట్టి విప్పుకుంటూ వెళ్లాడు. అందులోంచి పావు తీస్తే 1/12 మిగులుతుంది, అంటే మూడో వంతులో పావు. వీసం కూడా తీస్తే 1/48, ఆ తర్వాత 1/192. శేషం ప్రతిసారీ నాలుగో వంతుకు తగ్గుతుంది, ఎన్నడూ పూర్తిగా పోదు. పోదు కనుక మొత్తం మూడో వంతును దాటదు. తగ్గుతూనే ఉంటుంది కనుక ఎంత దగ్గరకైనా చేరుతుంది. పది పదాలకే మిగిలేది 31,45,728లో ఒక వంతు. రెట్టింపుల వరసలో ఇలా తరిగే శేషమే దొరకదు, కాబట్టి −1 కి ఇక్కడ చోటు లేదు.

ఈ శ్రేఢిని ఆర్కిమెడీస్ క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే వాడాడు గదా అనవచ్చు. నిజమే, పరావలయ ఖండం వైశాల్యం కోసం వాడాడు, శేషాన్ని ఆయనా లెక్కలో ఉంచుకున్నాడు. కానీ ఆయన కూడినది పరిమిత పదాలనే. తర్వాత వైశాల్యం అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు అని నిరూపించి అనంతాన్ని తప్పించుకున్నాడు. నీలకంఠుడు అనంతమైన కూడికనే ఎదురుగా పెట్టుకున్నాడు. ఇక తొమ్మిదో శతాబ్దపు గణితవేత్త మహావీరుడు, గణితసారసంగ్రహంలో, గుణశ్రేఢి మొత్తం నుంచి తెలియని మొదటి పదాన్నీ నిష్పత్తినీ రాబట్టే పద్ధతులిచ్చాడు; మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. అక్కడ పదాల సంఖ్య పరిమితం, శేషం అన్న ప్రశ్నే రాదు. నీలకంఠుడు అవధిని నేటి పద్ధతిలో నిర్వచించలేదన్న ఆక్షేపణ మాత్రం న్యాయమైనదే. అయినా ఎంత మిగిలిందో ప్రతి మెట్టులోనూ కచ్చితంగా చెప్పగలిగినవాడికి ఆ నిర్వచనం లేకపోవడం పెద్ద లోటు కాదు. నీలకంఠుడు చెందిన కేరళ గణిత పరంపరలో శేషం మీద చూపు అంతకుముందు నుంచే ఉంది. నీలకంఠుడి కంటే ముందువాడైన మాధవుడి పేరున వచ్చిన పరిధి శ్రేఢిలో వెయ్యి పదాలు కూడినా పై (π) విలువ మూడో దశాంశ స్థానం దగ్గరే తప్పుతుంది. అందుకే ఎక్కడ ఆపితే అక్కడ, మిగిలిపోయినదానికి బదులుగా ఒక సవరణను చేర్చే పద్ధతిని కూడా వాళ్లు ఏర్పరచుకున్నారు.