తోళ్ల బేరానికి వచ్చి సువార్త మోసుకెళ్లిన పేరయ్య గారు

మన ముమ్మిడివరం మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి కత్తిపూడి దగ్గర మొదలవుతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల దాటి ఒంగోలులో ముగుస్తుంది. ఈ రోడ్డుకు ఎంతో ముందే, 1860 దశకంలో, ఒంగోలు అవతలి మెట్ట పల్లె నుంచి ఒక మాదిగ తోళ్ల వ్యాపారి ఉత్తరంగా గోదావరి ప్రాంతానికి వచ్చేవారు. ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. చదువు రాదు. ఆయన మన వైపు నుంచి ఇంటికి తీసుకెళ్లిన మాట ఒంగోలు సీమలో వేలాది కుటుంబాల చరిత్రను మార్చింది. తెలుగునాట పల్లె బోధకుల చరిత్ర వ్రాయాలంటే పేరయ్య గారి దగ్గర మొదలుపెట్టడం న్యాయమని నా అభిప్రాయం. మిషనెరీల పేర్లు ఆసుపత్రుల మీద, హైస్కూళ్ల మీద ఉన్నాయి. ఈయన పేరు మన సండే స్కూలు పిల్లలకు తెలియదు.

పేరయ్య గారి స్వగ్రామం తాళ్లకొండపాడు. ఒంగోలుకు పడమటగా, వాన మీదే ఆధారపడే మెట్ట ప్రాంతం. చచ్చిన పశువు తోలు తీయడం, ఊనడం, చెప్పులు కుట్టడం, మోట బావులకు తోలు బానలు చేసి ఇవ్వడం, జాతరకూ చావుకూ డప్పు కొట్టడం మాదిగ కుటుంబాల వంతు. కాలువ నీటితో పెరిగిన మన కోనసీమ కుర్రవాళ్లకు మోట బాన అంటే తెలియకపోవచ్చు. ఆ మెట్టలో మాదిగవాడు బాన కుట్టకపోతే రైతు చేను ఎండిపోయేది. అలా కుట్టి ఇచ్చినవాడు ఊరి బావి దగ్గరకు మాత్రం రాకూడదు.

ఆయన క్రైస్తవుడు కాకముందు దేవుని గురించి ఆలోచన లేని మనిషని ఎవరూ అనుకోవద్దు. ఆయనా, భార్య నాగమ్మ గారూ రాజయోగ బోధను స్వీకరించినవారు. పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యులలో మాదిగ కక్కయ్య ఉన్నాడని మన పెద్దలు చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. దేవుడు ఒక్కడే, విగ్రహం అక్కరలేదు, ఆయన ముందు కులం లేదు అనే ఆ బోధ అంటరాని వాడల్లో చాలా ఇళ్లకు చేరింది. పేరయ్య గారి ఇల్లు అటువంటిది. సువార్త దున్నని నేల మీద పడలేదు. మిషనెరీ రిపోర్టులు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేయడం నాకు ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

ఇక మన వైపు సంగతి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారితో కలిసి ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఓడెక్కి మద్రాసు చేరారు. మలయాళ నిఘంటువు కూర్చిన హెర్మన్ గుండెర్ట్ గారు కూడా అదే ఓడలో వచ్చారు. బౌడెన్, బీర్ గార్లు పెద్ద చదువులవారు కారు, చేతిపనివారు. మచిలీపట్నం మీదుగా వచ్చి నరసాపురం, పాలకొల్లుల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు అదే పునాది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై వేలమంది కూలీలు అక్కడ చేరినప్పుడు వీరు వెళ్లి ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. కాటన్ దొర వారికి అండగా నిలిచారు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ గారు పెట్టిన బడిలోనైతే అంటరాని కులాల పిల్లలకు ప్రవేశం ఉండేది కాదు. పై కులాలు ముందు మారితే కింది కులాలు వెంట వస్తాయని అప్పటి లెక్క. ఆ లెక్క తప్పింది.

తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వచ్చినప్పుడు పేరయ్య గారు చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ గారి బోధ విన్నారు. ఆ తరువాత పాలకొల్లులో బౌడెన్ గారి నోట మళ్లీ విన్నారు. రెండు వేర్వేరు సంఘ శాఖలవారు చెప్పింది ఒకటే కావడంతో ఆయన మనసు నిలిచింది. ఇంటికి వెళ్లి ముందు నాగమ్మ గారికి చెప్పారు, తరువాత పల్లెలో వారికి. బాప్తిస్మము పొందకముందే, ఒక అక్షరం చదవలేని స్థితిలోనే, ఆయన బోధకుడయ్యారు. నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ లైమన్ జ్యూయెట్ గారు ఒంగోలు వచ్చారని తెలిసి అక్కడికి వెళ్లారు. ఆయన విశ్వాసంలోని స్పష్టత చూసి జ్యూయెట్ గారు ఆశ్చర్యపోయారు. 1866లో ఆయనకు బాప్తిస్మమిచ్చారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ గారు ఒంగోలుకు వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిదిమంది. ఆ నెలలోనే పేరయ్య గారి కబురు మీద క్లౌ గారు తాళ్లకొండపాడుకు వెళ్లి చింతతోపులో గుడారం వేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మూటాముల్లెతో వచ్చారు, ఒక్కపూట విని పోదామని కాదు, నేర్చుకునేదాకా ఉందామని. కొద్దిరోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మము పొందారు. వారిని సిద్ధం చేసినది క్లౌ గారు కాదు. ఆయనకు అప్పటికి తెలుగు సరిగా పట్టుబడి కూడా ఉండదు.

బాప్తిస్మము కోరినవారిని అడిగిన షరతులు మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈ రోజు మనకు ఇవి చిన్న మాటలుగా వినిపిస్తాయి. ఆ పల్లెలో ఒక్కొక్కటీ ఒక్కొక్క కుటుంబాన్ని వీధిన పడేసేంత పెద్దవి. మాదిగవాడు ఆదివారం పనికి రాననడం రైతు ఊహకు అందని సంగతి. కోతల వేళ అలా అంటే ఏడాది గింజలు పోయినట్టే. జాతరలో డప్పు కొట్టననడం ఊరి దేవతకు అపచారం, రేపు కలరా వస్తే నింద వాడి మీదే. చచ్చిన గొడ్డు మాంసం మానేయడమంటే కరువు రోజుల్లో చేతికందే తిండి మానేయడం. ఊరివారు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, చాకలినీ మంగలినీ రానివ్వలేదు, నీళ్ల దగ్గర అడ్డుపడ్డారు, తప్పుడు కేసులు పెట్టారు. అయినా కుటుంబాలు నిలిచాయంటే ఒంటరిగా మారకపోవడమే కారణం. అన్నదమ్ములు, వియ్యాలవారు, పల్లె పెద్దలు కలిసి ఆలోచించుకుని కలిసి అడుగు వేశారు. చుట్టరికం దారి వెంటనే సువార్త నడిచింది. పేరయ్య గారి వంటి బోధకుణ్ణి పల్లె తన పాత గురువును పోషించినట్టే, పండిన గింజల్లో ఇంత పెట్టి పోషించింది. ఈ పద్ధతిని చెడగొట్టకుండా వాడుకోవడంలోనే క్లౌ గారి తెలివి ఉంది.

ఒంగోలు పట్టణంలోని పై కులాలవారు ఈ జనాన్ని చేర్చుకుంటే మేము రామని చెప్పారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, మొదటి కొరింథీ 1:26-29, దొరికిందన్న సాక్ష్యం మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. మంచిదే. అయితే ఆ ప్రశ్న దొరగారి గదిలోకి వచ్చిందంటే, అప్పటికే తాళ్లకొండపాడు జనం గుమ్మంలో నిలబడి ఉన్నందువల్లే వచ్చింది.

1876-78 నాటి మహా కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. పల్లె బోధకులే మేస్త్రీలు. కూలి డబ్బు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తీరాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. దొరలు నీటిలోకి దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు దేశీయ బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున, ఆ పని చేశారు. లోకమంతా ఆ అంకెను చెప్పుకుంది. ఆ ఆరుగురి పేర్లు అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు?

పేరయ్య, నాగమ్మ గార్ల గురించి ఈపాటి తెలియడానికి ముఖ్య కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు. పెద్దల దగ్గర కూర్చుని వారి నోటి మాటలు విని 1899లో మాదిగల కథలను పుస్తకంగా తెచ్చారు. చదువు రాని తరం చరిత్ర అలా కాగితం మీదికెక్కింది. మన కోనసీమలో ఆ పని జరిగింది తక్కువ. బౌడెన్, బీర్ గార్ల వెంట నడిచి, పడవల్లో లంకలు తిరిగి, అర్ధాకలితో సంఘాలు కట్టిన స్థానిక సేవకులు ఎందరో. వారిలో ఎక్కువమందికి సమాధి రాయి తప్ప మరో ఆధారం లేదు.

మరచిపోవడానికి మరో కారణం ఉంది, దాన్ని మన పీఠాల మీద నుంచి మాట్లాడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతానికి ముడిపెట్టింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులది బి.సి.-సి. 2025లో ఒక పాస్టరు కేసులో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవుడైనవాడు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని చెప్పింది. ఇటువంటి పరిస్థితిలో సేవకుని కుటుంబాలు ఇంటి చరిత్ర వ్రాయడానికి భయపడతాయి. తాతగారి బాప్తిస్మము తేదీ వ్రాస్తే మనవడి సర్టిఫికెట్టు ఏమవుతుందోనన్న దిగులు. ఆ దిగులును తేలిగ్గా తీసిపారేయను. ఇంకో వైపు మాల సంఘం, మాదిగ సంఘం అని ఒకే ఊళ్లో రెండు గుడులు కట్టుకున్న మనం, మన వైపు నుంచి ఒంగోలుకు సువార్త మోసుకెళ్లినది ఒక మాదిగ అని చెప్పుకోవడానికి వెనకాడుతున్నామేమో కూడా చూసుకోవాలి.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. బాప్తిస్మము, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు మీ గుడి బీరువాలో ఉంటే చెదలు పట్టకముందే ప్రతి పుటనూ ఫోను కెమెరాతో తీయించండి. తుపానుల్లో మన తీరంలో చాలా కాగితం ఇప్పటికే పోయింది. ఎనభై దాటిన తల్లులను ముందు అడగండి: మొదట నమ్మినది ఎవరు, ఏ ఊళ్లో విన్నారు, ఇంటి పేరు అప్పుడు ఏమిటి, ఏ పని మానేశారు, ఊరివారు ఏమన్నారు. పాస్టరమ్మల గురించి విడిగా అడగండి, ఎందుకంటే రిజిస్టరులో వారి పేరు ఉండదు, ఫలానా అయ్యగారి భార్య అని మాత్రమే ఉంటుంది. చెప్పినవారి అనుమతి లేకుండా ఏదీ అచ్చుకు ఇవ్వవద్దు. వ్రాసినది రెండు ప్రతులు చేసి ఒకటి ఆ కుటుంబం దగ్గర, ఒకటి సంఘం దగ్గర ఉంచండి.