హిజ్లీ ఎండను ఏ కొలబద్దతో కొలుస్తారు?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని ఉన్న హిజ్లీలో, ఒకప్పటి నిర్బంధ శిబిరం భవనంలో 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. 1990 వర్షాకాలంలో రుతుపవన ద్రోణి కింద, నేలను అంటిపెట్టుకుని ఉండే గాలి పొరను పరిశీలించడానికి ‘మాంట్‌బ్లెక్స్’ ప్రయోగం జరిగింది. దానికోసం జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసితో పాటు ఖరగ్‌పూర్‌లోనూ 30 మీటర్ల పరికరాల టవర్ నిలబెట్టారు. ద్రోణికి పొడి కొస జోధ్‌పూర్, తడి కొస ఖరగ్‌పూర్. గాలికి ఎంత వేడి చేరుతుందో, నేల నుంచి ఎంత నీరు ఆవిరవుతుందో చెప్పాలంటే ముందు నేల మీద పడే ఎండ ఎంతో తెలియాలి.

వాతావరణం పైన, సూర్యుడికి ఎదురుగా పట్టిన చదరపు మీటరు మీద సగటున 1361 వాట్లు పడతాయి. మబ్బులేని మిట్టమధ్యాహ్నం నేల చేరేసరికి అవి 1000 దరిదాపుల్లో ఉంటాయి. వీటిని కొలిచేది పైరనోమీటర్. గాజు గోళార్ధాల కింద నల్ల పూత పూసిన చిన్న పలక, దాని అడుగున థర్మోపైల్ ఉంటాయి. పలక వేడెక్కితే నిండు ఎండలోనూ పుట్టేది సుమారు 10 మిల్లీవోల్టులే. ఆ మిల్లీవోల్టులను వాట్లుగా మార్చే సంఖ్య ఒక్కో పరికరానికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని తేల్చడమే క్యాలిబ్రేషన్. ఏళ్లు గడిచేకొద్దీ నల్ల పూత వెలిసిపోతుంది కనుక ఏడాదికో రెండేళ్లకో మళ్లీ తేల్చుకోవాలి.

తేల్చుకోకపోతే? కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అంత పెద్ద ప్లాంటులో పైరనోమీటర్ ఎండను 3 శాతం తక్కువ చూపిందనుకుందాం. ప్లాంటు 970 మెగావాట్లే ఇస్తున్నా లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. పోయిన 30 మెగావాట్ల గురించి ఎవరూ అడగరు.

ఈ లెక్కలన్నిటికీ మూలం స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉంది. అక్కడి ప్రామాణిక రేడియోమీటర్లలో నల్లటి గుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని ముందు ఎండతో వేడి చేస్తారు. తర్వాత తలుపు మూసి, అదే వేడి వచ్చేదాకా విద్యుత్తు పంపుతారు. వోల్టులు, ఆంపియర్లు కచ్చితంగా కొలవగలం కాబట్టి ఎండ ఎంతో తేలిపోతుంది. ఇంత చేసినా 0.3 శాతం అనిశ్చితి మిగులుతుంది. అయిదేళ్లకోసారి దేశదేశాల పరికరాలను అక్కడికి తెచ్చి పోల్చి చూస్తారు. మన దేశంలో ఈ గొలుసుకు ముఖ్యమైన కొక్కెం పుణేలోని వాతావరణ శాఖ కేంద్రం. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశమంతటా సౌర వికిరణ కేంద్రాలను నెలకొల్పింది అన్నా మణి. ఆమెకు దక్కాల్సినంత పేరు ఇప్పటికీ దక్కలేదు.

ఆరుబయట పరీక్ష చూడ్డానికి సులువే. సూర్యుడిని వెంబడించే గొట్టం లాంటి పైర్‌హీలియోమీటర్ నేరు కిరణాలను మాత్రమే కొలుస్తుంది. పైరనోమీటర్‌కు చిన్న బిళ్ల అడ్డుపెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చదువుతారు. ఆ రెంటి తేడా నేరు కిరణాల వల్ల వచ్చిందే. సూర్యుడి కోణాన్ని లెక్కలోకి తీసుకుంటే కావలసిన సంఖ్య వస్తుంది. షరతు ఒక్కటే: సూర్యుడి చుట్టూ ఆకాశం నిర్మలంగా ఉండాలి.

హిజ్లీలో చిక్కంతా ఇక్కడే. అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది జూన్ తొలి వారంలో, మళ్లీ జూలై రెండో వారంలో. సరిగ్గా రుతుపవనాలు కమ్ముకునే రోజులవి. డిసెంబరులో మబ్బులు ఉండవు కానీ మధ్యాహ్నం సూర్యుడు 46 డిగ్రీల ఎత్తు దాటడు. పైగా గంగా మైదానపు పొగమంచు నేరు కిరణాలను మింగేస్తుంది. ఎండ ధారాళంగా ఉన్న చోట ఎండ కొలత సులువనుకోవడం పొరపాటు.

పరికరాన్ని పెట్టాక కూడా పని తీరదు. గాజు మీది దుమ్మూ మంచూ తుడవాలి, మట్టం చూడాలి. రాత్రి వేళ రీడింగ్ సున్నా కంటే రెండు మూడు వాట్లు కిందికి దిగితే పరికరం చెడిందని కంగారు పడనక్కర్లేదు. గాజు గోళం తన వేడిని ఆకాశానికి వదిలి పలక కంటే చల్లబడినందువల్ల అలా చూపుతుంది. నిర్మలమైన రాత్రి అసలు ఆ తేడాయే కనిపించకపోతే, డేటాలో ఎవరైనా మైనస్‌లను సున్నాలుగా దిద్దారేమో చూడాలి.