మాస్కు నుంచి ఆల్ఫా దాకా: తెరమీది మాయలో మన పని ఎక్కడ?

ఈ మధ్య తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని ఒకటే అడగతా ఉండారు: "అన్నా, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాం, సినిమా గ్రాఫిక్స్‌లోకి పోవచ్చా? కోడింగ్ రావాలా, బొమ్మలేయడం రావాలా?" జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాల.

మన చిత్తూరోళ్ళకు సినిమా అంటే మొదట్నుంచీ మద్రాసే. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్న నాగయ్యగారు పోయిందీ ఆ దారినే. అక్కడే 1957లో కె.వి.రెడ్డి 'మాయాబజార్' తీసినారు, కెమెరా మార్కస్ బార్‌ట్లే. 1961 'సీతారామ కళ్యాణం'లో ట్రిక్ ఫోటోగ్రఫీ రవికాంత్ నగాయిచ్‌ది. ఆ రోజుల్లో కంప్యూటర్ యాడిది? ఒకే నటుడు ఒకే ఫ్రేములో ఇద్దరుగా కనపడాలంటే, లెన్సు ముందు సగం నల్లగా మూసి ఒక పక్క తీసేవాళ్ళు. ఫిల్ము వెనక్కి తిప్పి, ఈసారి రెండో పక్క మూసి మళ్ళీ తీసేవాళ్ళు. ఆ మూసేదే మాస్కు. వెంట్రుకవాసి జరిగినా తెరమీద గీత పడేది.

1970ల చివర్లో అమెరికాలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ఆ నల్ల అట్టను అంకెగా మార్చినారు. దాని పేరే ఆల్ఫా. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసే పోర్టర్, డఫ్ అనే ఇద్దరు దానికి లెక్క రాసి పెట్టినారు: ముందు బొమ్మ × ఆల్ఫా + వెనక బొమ్మ × (1 − ఆల్ఫా). వెంట్రుక అంచున ఆల్ఫా 0.3 అయితే అక్కడ 30 పాళ్ళు వెంట్రుక, 70 పాళ్ళు ఆకాశం. అంతే, పదో తరగతి లెక్క. కానీ 2కే ఫ్రేములో 22 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి, సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో అయ్యే పనా? అందుకే ప్రోగ్రామింగ్ వచ్చింది. 1991లో బయటికొచ్చిన పైథాన్ 2007లో మాయా సాఫ్ట్‌వేర్‌లోకీ చేరింది. (మాయాబజార్‌కీ దీనికీ పేరు కలవడం చూసి మేం నవ్వుకున్నాం.)

తర్వాత కథ మీకు తెలిసిందే: 'అమ్మోరు', 'మగధీర', 'ఈగ', 'బాహుబలి'. దాంతోపాటు ఇంకోటి కూడా తెలియాల. 'లైఫ్ ఆఫ్ పై' పులి చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులోనూ ఆఫీసుండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, ఆస్కార్‌కు రెండు వారాల ముందే, కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి "జాబ్ గ్యారంటీ" అని లక్షలు అడిగేవాళ్ళ దగ్గర తొందరపడి సంతకం పెట్టొద్దు. మా వాళ్ళలో ఒకరు అట్లా కట్టి, ఇంకా అప్పు తీరుస్తానే ఉండారు.

'ఆర్ఆర్ఆర్'లో ఇంకో పులి ఉంది. దాని ముందు నిలబడింది మన కొమరం భీం. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు పడిపోయిన గోండు వీరుడు. ఆ సినిమా గ్రాఫిక్స్‌కు శ్రీనివాస్ మోహన్‌గారికి జాతీయ అవార్డు వచ్చింది. సంతోషమే. కానీ ఆ పులి వెంట్రుకలు ఒక్కొక్కటీ సరిచేసిన కంప్యూటర్ల ముందు మనోళ్ళు ఎంతమంది కూర్చున్నారు?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. తరతరాలుగా ఆ దీవిలో బతికిన యానాదులు తావు వదలాల్సొచ్చింది. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. టెక్నాలజీ మన గడపలోకే వచ్చింది, మనం మాత్రం గేటు బయట నిలబడిపోయినాం. ఎరుకలోళ్ళ సంగతీ అంతే. నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది గానీ, తెరమీద ఆ ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు. రోటో చేసే పిల్లోడు కథను మార్చలేడు, నిజమే. ఆ గదిలో కూర్చున్నోడికి పని తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు, ఆ తర్వాత కథ కూడా అడగొచ్చు.

ఇంక అసలు జవాబు: రెండూ కావాల, ఏదో ఒకదాంట్లో గట్టిగా. శ్రీకాళహస్తి కలంకారీ పనిలో చెయ్యి తిరిగిన ఇంటి పిల్లలకు గీత ముందే ఉంటుంది, వాళ్ళు రోటో, పెయింట్ నుంచి మొదలుపెట్టొచ్చు. లెక్కలు ఇష్టమైనోళ్ళు పైథాన్ పట్టుకోండి. బ్లెండర్ ఉచితం, 2002 నుంచి దాని కోడు కూడా అందరిదీ. దాంతోనే చేసిన లాట్వియా సినిమా 'ఫ్లో' 2025లో ఆస్కార్ కొట్టింది. హాస్టల్ ల్యాబులో పాత కంప్యూటరున్నా చిన్న సీన్లకు చాలు.

ముందుగా మీ ఊరి కొండ ఫోటో ఒకటి, మీ అమ్మ ఫోటో ఒకటి తీసుకోండి. పైనున్న లెక్కతో ఆ రెంటినీ కలిపే పైథాన్ కోడు రాయండి, ఇరవై ముప్ఫై లైన్లు చాలు. అమ్మ కొంగు అంచు దగ్గర తేడా కొడుతుంది, అందరికీ కొడుతుంది. అక్కడ ఆగిపోతే మమ్మల్ని అడగండి.