కొత్త పాటను కనుక్కున్నదెవరు?

విద్యార్థులారా! ఈమధ్య మీకు బాగా నచ్చిన ఒక కొత్త పాటను గుర్తు తెచ్చుకోండి. సినిమా పాట కాదు. అంతకుముందు మీరు పేరు కూడా వినని కళాకారుడిదో, కళాకారిణిదో అయిన పాట. అది మీ దాకా ఎలా వచ్చింది? స్నేహితులు పంపారా? ఫోనే తనంతట తాను వినిపించిందా? పెళ్లి ఊరేగింపులో డీజే వేశాడా? ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ పాటలో మాటలు రాసింది ఎవరో, దాని వెనుక దరువు కట్టింది ఎవరో మీకు తెలుసా?

మొదటి ప్రశ్నకు జవాబు సులభంగానే దొరుకుతుంది. రెండోదానికి చాలామంది తడబడతారు. పాట ఊళ్లు దాటేటప్పుడు దాన్ని చేసినవాళ్ల పేరు దారిలో జారిపోవడం కొత్త సంగతి కాదు. హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ సంగీతాల చరిత్రలో ఇది పదే పదే జరిగింది. ఆ చరిత్రలోంచి కొన్ని ఘట్టాలను ఈ ప్రసంగంలో చూద్దాం.

అమెరికాలోని న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతం నడుమ నుంచి ఒక పెద్ద రహదారిని వేశారు. వేలాదిమంది ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. 1970లు వచ్చేసరికి దక్షిణ బ్రాంక్స్‌లో వీధులకు వీధులే తగలబడి, పాడుబడి ఉండేవి. నల్లజాతి వారు, ప్యూర్టోరికో నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారు అక్కడ ఎక్కువగా ఉండేవారు. వారిలో ఒకరు జమైకాలో పుట్టి, 1967లో న్యూయార్క్ చేరిన క్లైవ్ క్యాంప్‌బెల్. ఆయన్ను కూల్ హెర్క్ అంటే ఎక్కువమంది గుర్తుపడతారు.

1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో ఆయన చెల్లెలు సిండీ ఒక విందు ఏర్పాటు చేసింది. బడులు తెరిచే లోపు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలన్నది ఆమె ఆలోచన. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు ప్రవేశ రుసుము. పాటలు వేసేది అన్నయ్య. నాట్యం చేసేవాళ్లు పాట మొత్తం మీద కాక, గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కొద్ది క్షణాల కోసం ఎదురుచూస్తున్నారని హెర్క్ గమనించాడు. ఆ భాగాన్ని బ్రేక్ అంటారు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద అదే బ్రేక్‌ను మొదలుపెట్టి, పది సెకన్ల దరువును నిమిషాల తరబడి సాగదీసే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. ఆ దరువు మీద మైకు పట్టుకుని జనాన్ని ఉత్సాహపరిచే మాటలు క్రమంగా ప్రాసలుగా మారాయి. అదే ర్యాప్. ఒక సంగీతానికి పుట్టినరోజు ఉంటుందా అని మీరు అడగవచ్చు. నిజానికి ఉండదు. కాని హిప్‌హాప్ చరిత్రను ఆ సాయంత్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది.

తరువాతి ఆరేళ్ల పాటు రికార్డు కంపెనీలు ఈ సంగీతాన్ని పట్టించుకోలేదు. రేడియోలో వినిపించలేదు. మరి బ్రాంక్స్ దాటి ఎలా వెళ్లింది? క్యాసెట్ల మీద వెళ్లింది. ఎవరో ఒకరు టేపురికార్డరు పెట్టి విందులో మోగినదంతా రికార్డు చేసేవారు. దానికి నకలు, ఆ నకలుకు మరో నకలు. కిరాయి కార్లు నడిపేవాళ్లు వాటిని బండిలో వేసేవారు, ఎక్కినవాళ్లు వినేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఖాళీ క్యాసెట్, కావలసిన పాటల జాబితా ఇస్తే రికార్డు చేసి ఇచ్చే దుకాణాలు మన బజారుల్లోనూ ఉండేవి. ఆ క్యాసెట్ మీద పాట పేరు ఉండేది. చాలాసార్లు పాడినవారి పేరు కూడా ఉండేది కాదు.

ఇలా పేరు లేకుండా తిరిగితే ఏమవుతుందో 1979లో తేలింది. సిల్వియా రాబిన్‌సన్ అనే గాయని, తన భర్తతో కలిసి న్యూజెర్సీలో ఒక చిన్న రికార్డు కంపెనీ నడుపుతోంది. ఒక విందులో ఈ ప్రాసల మాటలు విని, దీన్ని రికార్డుగా తేవచ్చని ఆమె గ్రహించింది. కాని బ్రాంక్స్‌లో పేరున్న బృందాలు ఆమెకు తెలియవు. పిజ్జా దుకాణంలో పనిచేసే హెన్రీ జాక్సన్ అనే యువకుడు పని చేసుకుంటూ ర్యాప్ చేస్తుండగా ఆమె కంట పడ్డాడు. అతనికి మరో ఇద్దరిని జతచేసి, షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో 'రాపర్స్ డిలైట్' విడుదల చేసింది. దాదాపు పదిహేను నిమిషాల పాట అది. అమెరికాలో అత్యధికంగా అమ్ముడుపోయే 40 పాటల పట్టికలోకి చేరిన మొదటి ర్యాప్ రికార్డు అదే.

అయితే జాక్సన్ చెప్పిన ప్రాసల్లో ఎక్కువ భాగం అతనివి కావు. బ్రాంక్స్‌లో అప్పటికే పేరు తెచ్చుకున్న గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే కవి రాసుకున్నవి. ఆ పుస్తకాన్ని స్నేహం కొద్దీ కాజే ఇచ్చాడు. తమాషా ఏమిటంటే, ఆ ప్రాసల్లో కాజ్ తన పాత రంగస్థల నామాన్ని అక్షరం అక్షరం పలికి పెట్టుకున్నాడు. జాక్సన్ దాన్ని మార్చకుండా అలాగే చెప్పేశాడు! పాటలో సాక్ష్యం ఉంది, రికార్డు అట్ట మీద పేరు లేదు. కాజ్‌కు రచయితగా గుర్తింపూ దక్కలేదు, డబ్బూ దక్కలేదు. ఇక్కడ సిల్వియాను కేవలం దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆమె లేకపోతే ఈ సంగీతం ఇంకెన్నాళ్లు బ్రాంక్స్‌లోనే ఉండిపోయేదో. కాని ఆమె కనుక్కున్నది పాటను, పాట కట్టినవాడిని కాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు యంత్రాల సంగతికి వద్దాం. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని, ఆ తరువాత కొద్దికాలానికే టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రాన్ని తెచ్చింది. డ్రమ్ములు వాయించే మనిషి, బేస్ గిటార్ వాయించే మనిషి అందుబాటులో లేనప్పుడు ఒంటరి సంగీతకారుడికి తోడుగా ఉంటాయన్నది ఉద్దేశం. ఆ పని అవి సరిగా చేయలేదు. అసలు డ్రమ్ములా 808 మోగదు, గిటార్‌లా 303 పలకదు. కొద్ది ఏళ్లకే రెండింటి తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవకగా దొరకసాగాయి. డబ్బు లేని కుర్రవాళ్ల చేతికి వచ్చింది అలాగే.

1982లో ఆఫ్రికా బంబాటా బృందం చేసిన 'ప్లానెట్ రాక్'లో 808 దరువుకు, జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం బాణీ నుంచి తీసుకున్న స్వరాలు కలిశాయి. హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ సంగీతం ఒకదానికొకటి ఎంత దగ్గర చుట్టాలో ఆ ఒక్క రికార్డు వింటే చాలు. ఇక షికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురు మిత్రుల బృందం 303 మీటలను ఇష్టం వచ్చినట్టు తిప్పి, మెలికలు తిరిగే ఒక వింత శబ్దాన్ని పుట్టించింది. ఆ టేపును మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో డీజే రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేయగానే ఆడుతున్నవాళ్లంతా పక్కకు తప్పుకున్నారట. హార్డీ పట్టు వదలలేదు. అదే రాత్రి మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనం ఊగిపోయారని ఆ బృందంలోని డీజే పియర్ చెబుతూ వచ్చాడు. విన్నవాళ్లు దాన్ని 'రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్' అని పిలిచారు. చూడండి, చేసినవాళ్ల పేరు పోయి, వేసినవాడి పేరు నిలిచింది! 1987లో రికార్డుగా 'యాసిడ్ ట్రాక్స్' వచ్చినప్పుడు గాని ఫ్యూచర్ పేరు బయటికి రాలేదు. యాసిడ్ హౌస్ అనే శైలికి అదే మొదలని ఆ తరువాత పుస్తకాల్లో రాశారు.

ఇక్కడ మన దేశానికి రావాలి. సరిగ్గా ఆ యంత్రాలనే షికాగో కుర్రవాళ్ల కంటే ముందు బొంబాయిలో ఒకరు కొనుక్కున్నారు. ఆయన పేరు చరణ్‌జిత్ సింగ్. హిందీ సినిమా వాద్యబృందాల్లో గిటార్, కీబోర్డు వాయించేవారు. 808, 303, వాటితోపాటు జూపిటర్-8 అనే సింథసైజర్ తీసుకుని ఆయన ఒక ప్రయోగం చేశారు. 1982లో హెచ్‌ఎంవీ దాన్ని విడుదల చేసింది. భైరవి, లలిత్, తోడి, యమన్, మాల్‌కౌన్స్ వంటి పది రాగాలను డిస్కో దరువు మీద యంత్రాలతో పలికించిన రికార్డు అది. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారే సౌకర్యం ఉంది. రాగానికి కావలసింది అదే కదా! గిటార్‌కు పనికిరాని యంత్రం రాగానికి పనికొచ్చింది.

అయితే రికార్డు అమ్ముడుపోలేదు. రాగాలు వినేవాళ్లకు డిస్కో నచ్చలేదేమో, డిస్కో ఆడేవాళ్లకు రాగం బరువనిపించిందేమో. ఇది నా ఊహ మాత్రమే. ఇరవై ఏళ్లు గడిచాయి. 2002లో పాత రికార్డులు సేకరించే ఎడో బౌమన్ అనే డచ్చి దేశస్థుడికి ఢిల్లీలోని ఒక దుకాణంలో ఆ ప్రతి దొరికింది. విని నివ్వెరపోయాడు. అట్ట మీద చరణ్‌జిత్ సింగ్ పేరు అచ్చయి ఉంది కాబట్టి మనిషిని వెతకడం సాధ్యమైంది. ముంబైలో ఆయన్ను కలిశాడు. 2010లో రికార్డును మళ్లీ విడుదల చేశాడు. ఇదంతా ఈ కాలంలో ఎవరో చేసిన మోసమని కొందరు విదేశీ శ్రోతలు అనుమానించారు కూడా. డెబ్బై దాటిన వయసులో ఆయన ఐరోపా వేదికల మీద ఆ రాగాలను వాయించారు. 2015లో ముంబైలో కన్నుమూశారు.

"అయితే యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది మనమే" అని కొన్ని వ్యాసాల్లో మీరు చదువుతారు. చరిత్ర విద్యార్థులుగా అక్కడ కాస్త ఆగండి. షికాగో కుర్రవాళ్లు ఈ రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. ముందు జరగడం వేరు, కారణం కావడం వేరు. ఒకే యంత్రం రెండు ఊళ్లలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, దాదాపు ఒకే శబ్దాన్ని పుట్టించింది. నాకైతే ఈ నిజమే ఆ గొప్పల కంటే ఆసక్తిగా ఉంది.

ఇలాంటిదే మరొకటి. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పారు. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అమర్చడంలో తోడ్పడ్డాడు. గీతా సారాభాయ్ వంటివారు అక్కడ పనిచేశారు. కొద్ది ఏళ్లకే అది మూతపడింది. ఆ టేపులు గ్రంథాలయ భాండాగారంలో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికితీశాక, 2023లో జనం వినగలిగారు.

మరి పాటను మోసుకుపోయేవాళ్ల కోసం కళాకారుడు ఎదురుచూడకపోతే? మన దగ్గర ర్యాప్ చాలాకాలం సినిమా చేయి పట్టుకునే నడిచింది. 1994లో తమిళ 'కాదలన్', దాని తెలుగు రూపం 'ప్రేమికుడు' ద్వారా ఎ.ఆర్.రెహమాన్ కట్టిన 'పేట ర్యాప్' మన ఇళ్లలోకి వచ్చింది. 2014లో ముంబై కుర్లాకు చెందిన నవేద్ షేక్, నేజీ అనే పేరుతో, 'ఆఫత్' అనే పాటను ఐప్యాడ్ మీదనే రికార్డు చేసి, దానితోనే తన వీధుల్లో చిత్రీకరించి, యూట్యూబ్‌లో పెట్టాడు. స్టూడియో లేదు, కంపెనీ లేదు. మరుసటి ఏడాది డివైన్‌తో కలిసి చేసిన 'మేరే గల్లీ మే' దేశమంతా తిరిగింది. దానికి దరువు కట్టింది సెజ్ ఆన్ ద బీట్. వీళ్లిద్దరి జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ 2019లో 'గల్లీ బాయ్' తీసింది. సినిమా చూసినవాళ్లను అడిగితే రణ్‌వీర్ సింగ్ పేరు వెంటనే చెబుతారు. సెజ్ పేరు అడిగి చూడండి.

ఇక మొదట్లో మీరు తలచుకున్న పాట దగ్గరకు వెళ్లండి. ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి, రాసినవారు, పలికినవారు, దరువు కట్టినవారు, మీకు చేర్చినవారు అని రాసి, ఎదురుగా పేర్లు నింపడానికి ప్రయత్నించండి. దొరకని చోట ఖాళీగానే ఉంచండి. మరుసటి తరగతికి ఆ కాగితం తెచ్చి, మీ పక్కవారి కాగితంతో పోల్చి చూడండి.